కాశింబీ మేడం, మా తాత రాతిపెచ్చులు

మొన్న ఆళ్లగడ్డలో బస్సు దిగి మా వీధి మలుపు తిరిగానో లేదో, తడిసిన రాతి వాసన ముక్కుకు తగిలింది. నీళ్లు పోస్తూ నల్లరాయిని మిషన్ మీద కోస్తున్నప్పుడు వచ్చే వాసన అది. వాన పడ్డ మట్టి వాసనను అందరూ మెచ్చుకుంటారు గానీ, ఈ వాసనను మెచ్చుకున్న మనిషిని నేను నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ శిల్పి కాదు, శిల్పుల ఇంటి ఆడపడుచూ కాదు. మా జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన కాశింబీ మేడం. విగ్రహాలు చెక్కే మా పనిశాల గడప దగ్గర, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవలసింది పోయి, గుండెల నిండా గాలి పీల్చి, మీ ఇంటి వాసన బాగుందని నాతో అన్నారు. మా అవ్వకు ఆ మాట అర్థం కాలేదు. దుమ్ము బాగుండడమేమిటని ఆవిడ వెళ్లాక కూడా గొణుక్కుంటూనే ఉంది. మేడం పోయి ఏడాది దాటింది. ఆవిడ చెప్పిన సబ్జెక్టునే నేనిప్పుడు నంద్యాలలో పిల్లలకు చెబుతున్నాను. ఆవిడను చూడని వాళ్లకు ఆవిడెలాంటి మనిషో చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. ఆ వాసన తగిలాక ఇక ఆగలేకపోయాను.

మేడంది నంద్యాల. వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు. రోజూ పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చేవారు. శిరివెళ్ల దాటేదాకా సీటు దొరకదని, నిలబడే ఆ రోజు పాఠం మనసులో చెప్పుకుంటానని మాతో అనేవారు. అందుకేనేమో క్లాసులోకి వచ్చేటప్పటికే ఆవిడ పాఠం మధ్యలో ఉన్నట్టుండేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పక్క వీధికి వినిపిస్తుంది. పాఠం రుచిలో పడ్డారంటే సుద్దముక్క ఎక్కడ పెట్టారో మర్చిపోయి, చేతి గాజులు గలగలలాడిస్తూ బల్లల మధ్య అటూ ఇటూ తిరిగేవారు. గుండె గురించి చెప్పిన రోజు మా అందరినీ లేపి నిలబెట్టి, తలుపులోంచి బయటికీ లోపలికీ తిప్పారు. ప్రిన్సిపాల్ వచ్చి ఏమిటిదని అడిగితే, రక్తం తిరుగుతోంది సార్ అని చెప్పి, ఆయన్ను కూడా కాస్త పక్కకు జరగమన్నారు. ఇంత ఉత్సాహం ఒక మనిషిలో ఎక్కడినుంచి ఊరుతుందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉత్సాహమనే మాటకు చోటు లేదు. మా అక్క కొడుకు వంశీకి అప్పుడు రెండేళ్లు నిండుతున్నాయి. పుట్టిన ఆరేడు నెలల దాకా బొద్దుగా ఉన్న పిల్లవాడు, ఆ తర్వాత ఒక జ్వరం తగ్గేలోగా ఇంకో జ్వరంతో నీరసించిపోతూ వచ్చాడు. చెవిలో చీము, నోట్లో పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. బావ మా పనిశాలలోనే చెక్కేవాడు కాబట్టి అక్కవాళ్లు మాతోనే ఉండేవాళ్లు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో తెలియక అక్క ఒక సంచీ ఎప్పుడూ సర్ది తలుపు వెనక ఉంచేది. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. డాక్టరు మందులిచ్చినప్పుడల్లా తగ్గేది, మళ్లీ వచ్చేది. ఈ పిల్లవాడు మాకు దక్కుతాడా అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరూ అదే అనుకుంటున్నారని నాకు తెలుసు.

అట్లాంటి రోజుల్లో మేడం రోగనిరోధక వ్యవస్థ పాఠం మొదలుపెట్టారు. మన రక్తంలో తెల్లకణాలుంటాయనీ, వాటిలో టీ కణాలు, బీ కణాలు అని రెండు రకాలవాళ్లు ముఖ్యమనీ చెప్పారు. ‘వాళ్లు’ అనే అన్నారు, ఆవిడకు కణాలు కూడా మనుషులే. సూక్ష్మజీవి లోపలికి వస్తే దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలను తయారుచేసేది బీ కణం. కానీ అది తనంత తాను గబగబా మొదలుపెట్టదు. సూక్ష్మజీవిని పట్టి మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను తన ఒంటి మీద పెట్టుకుని టీ కణానికి చూపిస్తుంది. టీ కణం ఆ ముక్కను గుర్తుపట్టి, బీ కణాన్ని తాకి సరేనంటేనే అసలైన పని. అర్థమైందా అని అడిగితే నేను లేచి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గడగడా అప్పజెప్పాను. మేడం మెచ్చుకోలేదు. అది పుస్తకానికి అర్థమైంది, నీకు అర్థమైందో లేదో చెప్పు, మీ ఇంట్లో ఏం పని చేస్తారు, ఆ పనిలో పెట్టి చెప్పు అన్నారు.

మా ఇంట్లో విగ్రహాలు చెక్కుతారని చెప్పాను. అయితే ఎవరు బీ కణం అన్నారు. ఆలోచించనైనా లేదు, మా తాత అన్నాను. మా ఇంట్లో ఎవరినడిగినా అదే చెబుతారు. మా పనిశాల నుంచి ఏ ఊరి గుడికి విగ్రహం వెళ్లినా అది ‘తాత చేసిన విగ్రహమే’. మేడం ఒక్క ప్రశ్న వేశారు.

“మీ తాత ఉలి పట్టుకుంటాడా పాపా?”

లేదన్నాను. తాత ఉలి వదిలి చాలా ఏళ్లయింది. చూపు తగ్గింది, చేతులు వణుకుతాయి. ఆయన రోజంతా చేసేది ఇంకో పని. క్వారీ నుంచి బండరాయి దిగిన రోజే దాని పెచ్చు ఒకటి ఆయన చేతికి వచ్చేది. దాన్ని వేళ్లతో తడిమి, నాలుకతో తడిపి, చెవి దగ్గర గోటితో కొట్టి చూసి గుర్తుపెట్టుకునేవాడు. ఆ రాతి మీద మోటుపని, అంటే తలా మొండెం ఉజ్జాయింపుగా తేల్చడం, ఎవరైనా చేసుకోవచ్చు. సన్న ఉలి పెట్టాలంటే మాత్రం చెక్కేవాడు ఆ రాతి నుంచి ఒక పెచ్చు తీసి, అరచేతిలో పెట్టుకుని తాత దగ్గరికి రావాలి. తాత పెచ్చునే చూస్తాడు, బండ దగ్గరికి పోడు. ఇది తాను ముందు చూసిన రాయేనని తేలితే, ఆ చెక్కేవాడి భుజం మీద చెయ్యేసి పొమ్మంటాడు. చెయ్యి పడకపోతే ఆ రాయి మోటుగానే ఉండిపోతుంది.

ఇదంతా చెబుతూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎందుకంటే మధ్యలోనే నాకు తెలిసిపోతోంది. తాత బీ కణం కాడు, తాత టీ కణం. బీ కణం మా బావ. మేడం ముఖం చూడాలి, బల్ల మీద చరిచి, ఇంకా చెప్పు ఇంకా చెప్పు అంటున్నారు. అప్పుడు నాకు ఉతుకుబండ సంగతి గుర్తొచ్చింది. బావ పనిలో చేరిన కొత్తలో తాతను అడిగేదేముందిలే అనుకుని, పెరట్లో పడున్న ఒక బండ మీద నంది మూతి చెక్కడం మొదలుపెట్టాడు. అది మా అవ్వ బట్టలుతుక్కునే బండ. సగం మూతి తేలాక అవ్వ చూసి కేకలు పెట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో బట్టలు నంది ముక్కు మీదే ఉతుకుతారు. క్లాసంతా పగలబడి నవ్వింది, మేడం అందరికంటే ఎక్కువ నవ్వారు. కళ్లు తుడుచుకుని, టీ కణాన్ని అడగాలనే కట్టుబాటు ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా, అది లేకపోతే ఒళ్లు తన సొంత బండనే చెక్కుకుంటుంది, అట్లాంటి జబ్బులు కూడా ఉన్నాయి అన్నారు. ఆ సాయంత్రమే నంద్యాల బస్సు వదులుకుని నా వెంట మా ఇంటికి వచ్చారు. వాసన బాగుందన్నది అప్పుడే.

ఆ రోజు ఆవిడ తాత పక్కన నేల మీద కూర్చుని, ఒక్కొక్క పెచ్చునూ అరచేతిలోకి తీసుకుని, దీన్ని ఎట్లా గుర్తుపడతావు, దీన్ని ఎందుకు వద్దన్నావు అని అడుగుతూనే ఉన్నారు. తాతకు ఇలాంటి శ్రోత దొరకడం మొదటిసారి. ఆయన కూడా హుషారుగా చెప్పుకుపోయాడు. వంశీ దగ్గుతూ వచ్చి ఆవిడ ఒళ్లో కూర్చున్నాడు. వాడి ఒంటి వేడి ఆవిడకు తెలిసింది. ఎన్నాళ్ల నుంచని అక్కను అడిగి, అంతా విని, వాడి వీపు నిమిరారు. వెళ్తూ మాత్రం, నంద్యాల డాక్టరును ఈసారి కలిసినప్పుడు ఇన్ని జ్వరాలు ఎందుకొస్తున్నాయో చూడమని అడగండి, మందు రాయించుకుని వచ్చేయకండి అని అక్కతో చెప్పారు.

అక్క అడిగింది. డాక్టరుకూ ఆ అనుమానం ఉన్నట్టుంది, రక్తపరీక్షలు రాసి, హైదరాబాద్‌లో పిల్లల పెద్దాసుపత్రికి పంపించాడు. నేనూ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. వంశీ ఒంట్లో బీ కణాలున్నాయి, టీ కణాలూ ఉన్నాయి. కానీ టీ కణం బీ కణాన్ని తాకి పని చెయ్యమని చెప్పడానికి ఆ టీ కణం ఒంటి మీద ఒక పదార్థం ఉండాలి, వీడికి పుట్టుకతోనే అది సరిగా లేదు. అందుకని బీ కణాలు మొదటి రకం ప్రతిరక్షకాలు మాత్రం తయారుచేస్తున్నాయి, అక్కడినుంచి ముందుకు పోలేకపోతున్నాయి. తొలి నెలల్లో తల్లి నుంచి వచ్చినవి కాపాడాయి, అవి అయిపోయాక జ్వరాలు మొదలయ్యాయి. అక్క ఏడుస్తోంది. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకూ భయం ఉంది, భయంతో పాటే, దాన్ని తోసుకుంటూ ఇంకొకటి. నాకు అర్థమవుతోంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో దిష్టి అనీ గ్రహం అనీ తిరిగిన దానికి రూపం వచ్చింది. వాడి ఒంట్లో ఏం జరుగుతోందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. పనిశాల నిండా మోటురాళ్లు, పెచ్చులు పట్టుకుని వరసగా నిలబడ్డ పనివాళ్లు, భుజం మీద పడని చెయ్యి.

నెలనెలా ఇతరుల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు ఎక్కించడం మొదలుపెట్టారు. వంశీ తేరుకున్నాడు. అయితే అది ఎప్పటికప్పుడు అరువు సరుకే. ఎముక మూలుగ మార్చితే శాశ్వతంగా బాగుపడే అవకాశం ఉందన్నారు. పరీక్షలు చేస్తే వాడి అక్క హారిక మూలుగ సరిపోయింది. హారికకు అప్పుడు ఆరేళ్లు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేలోగా తాత అడ్డం పడ్డాడు. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ ఎముక తొలవడానికి తాను ఒప్పుకోనన్నాడు. తీసిన రాయి మళ్లీ పెరగదనేది ఆయన ఎరిగిన సత్యం. ఆయన కాదన్నాక బావ నోరు మెదపడు, బావ మెదపకపోతే అక్క ఏం చేస్తుంది? ఆలస్యమయ్యే కొద్దీ వంశీ ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టర్లు చెబుతున్నారు. తాతకు చెప్పగలిగినవాళ్లు నాకు ఒక్కరే తోచారు. కాలేజీలో మేడం ముందు నిలబడి అడుగుతూ ఏడ్చేశాను.

ఆదివారం పూట మేడం నంద్యాల నుంచి వచ్చారు. తాత పలకరించాడు గానీ, ఎందుకొచ్చారో తెలుసన్నట్టు ముఖం బిగించి కూర్చున్నాడు. ఆవిడ మూలుగ మాటే ఎత్తలేదు. ఒక పెచ్చు తీసి అరచేతిలో పెట్టుకుని, తాత ముందు చెయ్యి చాచారు. తాత దాన్ని తడిమి, మంచి రాయేనన్నాడు. చెయ్యి మాత్రం వెయ్యొద్దు తాతా, అట్లే ఉండు, అన్నారు మేడం. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పెచ్చు ఆవిడ అరచేతిలో ఉంది. తాతకు విసుగొచ్చింది. ఎంతసేపమ్మా, ఆ పనోడు పోవాలా లేదా అన్నాడు. అప్పుడు మేడం గొంతు తగ్గించి, వంశీ ఒంట్లో ఇదే జరుగుతోందని చెప్పారు. పనివాళ్లున్నారు, ఉలులున్నాయి, పెచ్చు తెచ్చి చూపిస్తున్నారు. చూసేవాళ్లు కూడా ఉన్నారు, గుర్తుపడుతున్నారు. చెయ్యెత్తి భుజం మీద వెయ్యలేకపోతున్నారు.

తాత తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

“అంటే వాని ఒంట్లో నా మాదిరోళ్లకు చెయ్యి ల్యాకపాయనా?”

“అంతే తాతా. పాప మూలుగలోంచి వచ్చేటోళ్లకు ఆ చెయ్యి ఉంటాది. వాళ్లొచ్చి వీని ఒంట్లో కూచుంటారు.”

“పాపకు కొదవ పడదా? తీసింది యాడనించి వస్తాది మేడమ్మా?”

“మూలుగ రాయి గాదు తాతా. తోడితే బాయిలో నీళ్ల మాదిరి మళ్లా ఊరుతాది. పాపకు రొన్నాళ్లు నొప్పి ఉంటాది, అది నేను దాయను. వానికి బాగైతాదని రాసియ్యను గూడా రాసియ్యను. నేను డాక్టర్ను గాదు. కానీ చెయ్యి లేనోళ్లతో వాడు ఎన్నాళ్లు బతకాల?”

అవ్వ వంటింటి గడపలో నిలబడి వింటోంది. బావ ఉలి పక్కన పెట్టేశాడు. తాత హారికను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని, తమ్మునికి ఇస్తావా పాపా అని అడిగాడు. అది ఏమిటో సగమే అర్థమై, ఇస్తా గానీ నాకు సూది చిన్నది పెట్టమను అంది. తాత లేచాడు. నడుము పట్టుకుని, నెమ్మదిగా బావ దగ్గరికి నడిచి, వాడి భుజం మీద చెయ్యేసి, పొమ్మన్నాడు. నేను అక్కను కావలించుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో తిననిదే మేడాన్ని కదలనివ్వలేదు. అవ్వ జొన్నరొట్టెలు వేడివేడిగా చేసి వేస్తూనే ఉంది.

బెంగళూరులో మార్పిడి జరిగింది. ఆ నెలలు ఎట్లా గడిచాయో అక్కకే తెలుసు. నేను నంద్యాలలో డిగ్రీలో చేరాను. సాయంత్రాలు మేడం ఇంటికి వెళ్లి కబురు చెప్పేదాన్ని. వంశీకి జ్వరం వచ్చిందంటే ఆవిడ ముఖం మాడిపోయేది, తగ్గిందంటే నా వీపు మీద చరిచేవారు. హారిక వారం తిరక్కుండానే ఆసుపత్రి వరండాలో గంతులేసిందని విని, తాతకు ఫోన్ చేసి చెప్పమని తొందరపెట్టారు. కొత్త కణాలు నిలదొక్కుకున్నాక నెలనెలా ఎక్కించేది ఆపేశారు. అరువువి ఒంట్లోంచి కరిగిపోయేదాకా ఆగి, వంశీకి ధనుర్వాతం టీకా వేశారు. అసలు పరీక్ష అదే. ఇప్పుడు వాడి రక్తంలో ఆ టీకాకు తగిన ప్రతిరక్షకాలు కనిపిస్తే అవి ఎవరివో కావు. టీ కణమూ బీ కణమూ వాడి ఒంట్లో కలిసి, తాకి, మాట్లాడుకున్నట్టే లెక్క. కనిపించకపోతే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

అక్క ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ గేటు బయట ఉన్నాను. ఉండాయంట, వానివేనంట, అని మాత్రం అంది. నేను ఆటో కోసం చూడలేదు. మేడం వాళ్ల నాన్న పరుపుల అంగడి ఉన్న సందు దాకా పరుగు, చెప్పుల్లో ఒకటి తెగితే చేత్తో పట్టుకుని పరుగు. మేడం వంటింట్లో పిండి కలుపుతున్నారు. రొప్పుతూ చెప్పాను. ఆవిడ పిండి చేతులతోనే గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చున్నారు. నవ్వుతున్నారు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులకూ పిండి.

“ఇన్నేండ్లు పిల్లోళ్లకు చెప్తి గదా పాపా. ఈ కణం పోయి ఆ కణాన్ని ముట్టుకుంటాదని, బోర్డు మీద బొమ్మలేసి చెప్తి. నేనెప్పుడూ చూసిందిల్యా. నిజంగానే కలుస్తారు, చూడు.”

నేను కూడా ఆ నేల మీదే ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. చాలాసేపటి దాకా ఇద్దరికీ లేవాలనిపించలేదు.

ఇప్పుడు ఏటా ఆ పాఠం నేను చెప్పాల్సిన రోజు వస్తోందంటే నాకు ముందురోజు నుంచే స్థిమితం ఉండదు. క్లాసులో నా గొంతు ఎంత పెరుగుతుందో నాకు తెలియదు గానీ, పక్క గది లెక్కల సారు తలుపు దగ్గరికొచ్చి ఏం జరిగిందోనని చూసి వెళ్తాడు. పాఠం అయ్యాక ఎవరో ఒకరు లేస్తారు. ఈ ఏడాది లేచింది బండి ఆత్మకూరు నుంచి వచ్చే పిల్ల. అవి కంటికి కనపడవు గదా మేడం, ఒగదాన్నొగటి ముట్టుకుంటాయని మీరెట్ల చెప్తాండారు అని అడిగింది.

ఆళ్లగడ్డలో ఒక పిల్లోడుండాడు, వాడిప్పుడు ఏడో తరగతి చదువుతాండాడు, అని చెప్పాను.